నేల మీది కదలికను ఆకాశం నుంచి పట్టే విమానాలు: నరసన్నపేట అబ్బాయి ప్రశ్నకు జవాబు

నరసన్నపేట నుంచి ఇంటర్ చదువుతున్న ఒక అబ్బాయి అడిగాడు. ప్రశ్న క్లుప్తంగా ఇది: "అమెరికా వాళ్ల జాయింట్ స్టార్స్ విమానం 250 కి.మీ. దూరం నుంచి నేల మీద వెళ్లే ట్యాంకును చూస్తుందట, నిజమేనా? అవాక్స్‌కూ దానికీ తేడా ఏంటి? మన దగ్గర అలాంటిది ఉందా? డ్రోన్లు, శాటిలైట్లు వచ్చాక మనుషులు ఎక్కే అంత పెద్ద విమానం ఎందుకు?" అలాంటి విమానంలో పనిచేయాలంటే ఏం చదవాలని కూడా చివర్లో అడిగాడు.

బాబూ, ముందు సూటిగా చెప్తాను. నిజమే, 2023లో రిటైర్ అయ్యేదాకా చూసేది. అయితే ట్యాంకు కదులుతూ ఉండాలి, అప్పుడు కూడా కనిపించేది ఒక చుక్క. రెండూ పెద్ద రాడార్ మోసే విమానాలే: అవాక్స్ గాల్లో ఎగిరేవాటి కోసం, జాయింట్ స్టార్స్ నేల మీద కదిలేవాటి కోసం. అచ్చంగా జాయింట్ స్టార్స్ లాంటి విమానం మన సైన్యంలో లేదు. ఆ పనిలో కొంత భాగాన్ని వేరే విమానాలు చేస్తున్నాయి. ఇక అంత పెద్ద విమానం ఎందుకంటే, పొడవైన యాంటెన్నా పట్టాలి, లోపల పదిహేను, ఇరవై మంది కూర్చోవాలి. నా దృష్టిలో ఆ మనుషులదే అసలు సంగతి. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నా గురించి రెండు ముక్కలు. నేవీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం డార్నియర్ విమానాల్లో రాడార్ స్క్రీన్ ముందే గడిచింది. సొంతూరు కళింగపట్నం పక్కన, ఇప్పుడు ఉంటున్నది విజయనగరంలో. నేను చూసింది సముద్రాన్ని, నువ్వు అడిగిన విమానం చూసేది నేలను. కానీ స్క్రీన్ మీద ఒక చుక్క కనబడటం, అది ఎవరో తేల్చేదాకా పడే టెన్షన్, రెండు చోట్లా ఒకటే. నేను రాసేదంతా అందరికీ తెలిసిన సమాచారం, ఫిజిక్స్ పుస్తకంలో ఉన్న లెక్క, నా అనుభవం. అంతకు మించి ఏదీ రాయను.

కదిలేది ఎలా దొరుకుతుంది?

రైల్వే గేటు దగ్గర నిలబడితే, రైలు మన వైపు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోగానే బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే డాప్లర్. రాడార్ తరంగం కదిలే వాహనానికి తగిలి తిరిగొచ్చేటప్పుడు దాని ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. జాయింట్ స్టార్స్ రాడార్ తరంగం పొడవు సుమారు 3 సెం.మీ. లారీ గంటకు 36 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల చొప్పున, రాడార్ వైపు వస్తోందనుకో. వేగాన్ని రెట్టింపు చేసి తరంగం పొడవుతో భాగించు: సుమారు 667 హెర్ట్జ్. వెయ్యి కోట్ల హెర్ట్జ్ తరంగంలో 667 హెర్ట్జ్ తేడా! అంత చిన్న తేడాను పట్టుకోవడం ఈ రాడార్ చేసే మొదటి పని.

హైవే మీద పోలీసులు పట్టుకునే స్పీడ్ గన్ కూడా ఇదే పని చేస్తుంది, రణస్థలం వైపు వెళ్తే చూసే ఉంటావు. మరి ఇందులో కష్టం ఏముంది? స్పీడ్ గన్ పట్టుకున్న మనిషి కదలకుండా నిలబడతాడు. విమానం మాత్రం సెకనుకు 200 మీటర్ల వేగంతో పోతోంది. దానికి నేలంతా కదులుతున్నట్టే ఉంటుంది. చెట్టు, గట్టు, కరెంటు స్తంభం, అన్నీ. లారీ నుంచి వచ్చే సన్నటి సంకేతం ఆ మొత్తం గోలలో కలిసిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క జాగ్రత్తగా చూడు, విమానం ఎందుకు పెద్దదో దీంతో అర్థమవుతుంది. రాడార్ కిరణం పక్కకు పోతుంది. దాని ముందు అంచులో ఉన్న నేల విమానానికి దగ్గరవుతున్నట్టు, వెనక అంచులో ఉన్న నేల దూరమవుతున్నట్టు కనిపిస్తుంది. కిరణం ఎంత వెడల్పుంటే ఈ దొంగ వేగం అంత ఎక్కువ. కిరణం వెడల్పు యాంటెన్నా పొడవును బట్టి ఉంటుంది. జాయింట్ స్టార్స్ యాంటెన్నా 24 అడుగులు, అంటే 7.3 మీటర్లు. 3 సెం.మీ.ను 7.3 మీటర్లతో భాగిస్తే కిరణం వెడల్పు సుమారు పావు డిగ్రీ వస్తుంది. అప్పుడు కదలని నేలకు అంటుకునే దొంగ వేగం గంటకు 3 కి.మీ. మాత్రమే. అదే యాంటెన్నా ఒక మీటరే అనుకో, ఆ వేగం గంటకు 20 కి.మీ. దాటుతుంది. పొలం గట్ల మీద మెల్లగా పాకే ట్యాంకు ఆ గోలలోనే దాక్కుంటుంది. పొడవాటి యాంటెన్నా కావాలి, దాన్ని మోయడానికి పొడవాటి విమానం కావాలి. యాంటెన్నాను ముక్కలుగా వాడి నేల గోలను తీసేసే పద్ధతులు ఉన్నాయి, జాయింట్ స్టార్స్‌లోనూ వాడారు. అయినా పొడవు ఇచ్చే లాభాన్ని అవి పూర్తిగా ఇవ్వలేవు.

జాయింట్ స్టార్స్ విమానం పేరు ఈ-8సీ, దాన్ని బోయింగ్ 707 అనే ప్రయాణికుల విమానం మీద కట్టారు. ముందు భాగంలో పొట్ట కింద పడవ ఆకారంలో పొడవాటి తొడుగు ఉంటుంది, యాంటెన్నా అందులోనే. దాన్ని ఎడమకో కుడికో వాల్చి 120 డిగ్రీల మేర చూసేవారు. దాదాపు 50,000 చదరపు కి.మీ. నేల దాని చూపులోకి వచ్చేది. పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు మూడూ కలిపితే సుమారు 23,500 చదరపు కి.మీ. అంటే మన ఉత్తరాంధ్రకు రెండింతలు. శ్రీకాకుళం మీద ఎగురుతూ అన్నవరం దగ్గర హైవే మీద నడిచే లారీని పట్టగలదు. గాలిలో లెక్కిస్తే అది సుమారు 200 కి.మీ.

ఆగి ఉన్నవాటి కోసం అదే రాడార్‌తో ఇంకో పద్ధతి ఉంది. విమానం ముందుకు పోతూ చోటు చోటు నుంచి అందుకున్న సంకేతాలన్నీ కలిపి, కిలోమీటర్ల పొడవున్న యాంటెన్నాతో చూసినట్టు నేల బొమ్మ గీస్తుంది. వంతెన, రన్‌వే, వరసగా నిలిపిన బళ్లు అందులో కనిపిస్తాయి. మబ్బు, రాత్రి, పొగ అడ్డు రావు.

ఎక్కడ గుడ్డిదవుతుంది?

చాలామంది రాసేటప్పుడు ఈ భాగం వదిలేస్తారు. స్పీడ్ గన్‌కు అడ్డంగా, సరిగ్గా తొంభై డిగ్రీల్లో రోడ్డు దాటే బండికి వేగం సున్నా చూపిస్తుంది. రాడార్ కొలిచేది తన వైపు వచ్చే వేగం, తననుంచి పోయే వేగం మాత్రమే. విమానానికి సమాంతరంగా పోయే కాన్వాయ్ అలా మాయమైపోతుంది. రోడ్డు మలుపు తిరగగానే మళ్లీ కనిపిస్తుంది. ఇది తెలిసిన ఆపరేటర్ చుక్కలు పోయాయని కంగారు పడడు. రోడ్డు మ్యాప్ చూసి, ఏ మలుపు దగ్గర మళ్లీ తేలతాయో లెక్క కట్టి అక్కడ ఎదురు చూస్తాడు.

రెండో గుడ్డితనం కొండలు. విమానం 12 కి.మీ. ఎత్తులో ఉంటే 250 కి.మీ. అవతల దాని చూపు నేలను రెండు డిగ్రీల కోణంలో మాత్రమే తాకుతుంది. అక్కడ 300 మీటర్ల కొండ ఉంటే దాని వెనక సుమారు 9 కి.మీ. నీడ పడుతుంది. అదే కొండ 100 కి.మీ. దూరంలో ఉంటే నీడ రెండున్నర కి.మీ. పైచిలుకే. మందస నుంచి వాయవ్యానికి చూస్తే మహేంద్రగిరి, దాని వెనక వరసలు వరసలుగా కొండలు. సముద్రం మీద ఎగురుతూ ఆ లోయల్లో బళ్లు వెతకమంటే సగం నీడలే చూస్తాం. 250 కి.మీ. అనే అంకె చదునైన ఎడారికి సరిపోతుంది, తూర్పు కనుమలకు సరిపోదు. కొనేముందు అంకెలు చదివేవాళ్లు ముందు మ్యాప్ చూడాలని నా గట్టి అభిప్రాయం.

అవాక్స్‌తో తేడా

అమెరికా అవాక్స్ అయిన ఈ-3 కూడా బోయింగ్ 707 మీదే కట్టారు, అందుకే చాలామందికి రెండూ ఒకటే అనిపిస్తుంది. దాని వీపు మీద 30 అడుగుల గొడుగు పది సెకన్లకోసారి చుట్టూ తిరుగుతుంది. ఆకాశంలో విమానం ఎటు నుంచైనా రావచ్చు కాబట్టి అన్ని దిక్కులూ చూడాలి. ఎగిరే విమానాలు వేగంగా పోతాయి కాబట్టి, నేల మీద కార్ల వేగంతో కదిలేవాటిని కావాలనే వడగట్టేస్తుంది. జాయింట్ స్టార్స్‌కు కావలసింది ఆ వడగట్టి పారేసిందే. యుద్ధరంగం ఒక పక్కన ఉంటుంది కాబట్టి అది సరిహద్దుకు ఇవతల పొడవాటి గుండ్రంలో తిరుగుతూ పక్కకే చూస్తుంది.

మన వాయుసేనలో ఇల్యూషిన్-76 అనే రష్యా సరుకు విమానం మీద ఇజ్రాయెల్ రాడార్ పెట్టిన ఫాల్కన్‌లు మూడు ఉన్నాయి, మొదటిది 2009లో వచ్చింది. డీఆర్‌డీవో ఎంబ్రాయెర్ విమానం మీద తయారుచేసిన నేత్ర 2017లో చేరింది. ఇవి ప్రధానంగా ఆకాశం కాసేవే. నేల మీదికి వస్తే, నేవీ దగ్గరున్న పీ-8ఐ విమానాలను 2020లో తూర్పు లద్దాఖ్ మీద నిఘాకు వాడారు. జలాంతర్గాములను వెతకడానికి కొన్న విమానం హిమాలయాల మీద పనిచేసింది! ఆ వార్త చదివిన రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. హెరాన్ డ్రోన్లు, ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహాలు కూడా తోడున్నాయి. అయినా ఒకే విమానంలో పెద్ద రాడార్, డజనుకు పైగా ఆపరేటర్లు, కింద సైన్యంతో సూటిగా మాట, ఈ మూడూ కలిసినది ఇంకా మన చేతిలో లేదు. ఉండాలని నేను నమ్ముతున్నాను.

లోపల మనుషులు చేసే పని

అందులో అంతమంది మనుషులు ఎందుకన్నదానికి జాయింట్ స్టార్స్ పుట్టుకలోనే జవాబు ఉంది. సోవియట్ ట్యాంకుల మొదటి వరస దాడి చేస్తుంటే, వెనక వచ్చే రెండో వరసను ముందే ఎలా చూడాలి అన్నది కోల్డ్ వార్ నాటి భయం. అమెరికా ఆర్మీ ఒక ప్రాజెక్టు, వాయుసేన ఇంకొకటి విడివిడిగా నడిపిస్తుంటే 1982లో రెండింటినీ కలిపారు. 'జాయింట్' అన్న మాట అందుకే వచ్చింది. విమానంలో నడిపేవాళ్లు నలుగురు, వాళ్ల వెనక 18 మంది నిపుణులు. వాళ్లలో ముగ్గురు ఆర్మీ వాళ్లు. ఆకాశంలో కూర్చున్నా నేల మీద సైనికుడి భాష తెలిసిన ముగ్గురన్నమాట. కింద వాహనాల్లో ఉన్న ఆర్మీ స్టేషన్లకు అదే చిత్రం డేటాలింక్‌లో (సమాచారం పంపే రేడియో దారి) దిగేది.

1991 గల్ఫ్ యుద్ధం నాటికి ఇది ఇంకా పరీక్షల దశలోనే ఉంది. అయినా రెండు విమానాలను పంపారు. అవి 49 సార్లు ఎగిరాయి, 500 గంటలకు పైగా గాల్లో ఉన్నాయి. జనవరి చివర్లో సౌదీ సరిహద్దు పట్టణం ఖాఫ్జీ మీదికి ఇరాక్ సేనలు వచ్చినప్పుడు, వెనక రాత్రిపూట కదిలే బలగాలను పట్టడంలో ఇవి పనికొచ్చాయి. చీకట్లో కదిలితే ఎవరూ చూడరన్న ధీమా అక్కడితో పోయింది. అయితే చూడటం ఒక్కటే అయితే ఫొటో తీసి పంపితే సరిపోయేది. స్క్రీన్ మీద చుక్కల వరస చూసిన మనిషి, దగ్గర్లో ఏ దాడి విమానానికి ఇంధనం మిగిలి ఉందో, ఎవరి దగ్గర బాంబులు ఉన్నాయో, ఆ దారిలో మనవాళ్లు ఎక్కడున్నారో చూసుకుని, రేడియోలో "ఫలానా చోటికి వెళ్లు" అని చెప్పాలి. యుద్ధ నిర్వహణ అని పెద్ద పేరు పెట్టే పని ఇదే.

చుక్క చెప్పనిది ఒకటుంది: అది ఎవరన్నది. ట్యాంకు చైన్ పైభాగం బండికంటే రెట్టింపు వేగంతో ముందుకు కదులుతుంది కాబట్టి చైను బండికీ, చక్రాల బండికీ తేడా పట్టే వీలుంది. కానీ ఆ చక్రాల బండి సైనికుల లారీయా, పిల్లాపాపలతో పారిపోతున్న కుటుంబాల లారీయా అన్నది రాడార్‌కు తెలియదు. రాడారే కాదు, మనిషి కన్ను కూడా తప్పుతుంది. యూరప్‌లోని కొసోవోలో 1999 ఏప్రిల్ 14న జాకోవిట్సా దగ్గర శరణార్థుల వాహనాలను సైనిక వాహనాలనుకుని నాటో విమానాలు బాంబులు వేశాయి. డజన్ల మంది పౌరులు పోయారు. ఈ రంగంలోకి రావాలనుకునే ప్రతి పిల్లాడికీ ఈ సంఘటన తెలియాలి.

నాకు జరిగింది కూడా చెప్తాను. తుఫాను హెచ్చరిక వచ్చిన కార్తీక మాసం రోజు. బారువ ఎదురుగా, సముద్రం లోపల ఇంజిన్ ఆగిపోయిన పడవ కోసం వెతుకుతున్నాం. కింద మబ్బు, అలలు ఎత్తుగా ఉన్నాయి. స్క్రీన్ మీద పెద్ద చుక్క ఒకటి కదలకుండా నిలబడింది. ఆగిపోయిన పడవ అదే అనుకుని పైలట్‌కు అటు దారి చెప్పాను. దానికి కాస్త దక్షిణంగా ఇంకో చిన్న చుక్క, రాడార్ నాలుగు సార్లు తిరిగితే ఒకసారి కనిపించి పోతోంది. అల గోల అనుకుని వదిలేశాను. మబ్బు దిగి చూస్తే పెద్ద చుక్క లంగరు వేసిన సరుకు ఓడ. అప్పుడు గుండె ఝల్లుమంది. వెనక్కి తిప్పి ఆ చిన్న చుక్క దగ్గరికి వెళ్తే ఫైబర్ పడవ, అందులో ఐదుగురు. పసుపు నూనె డబ్బాను సగానికి కోసి నీళ్లు తోడుతున్నారు. ఒకడు తెడ్డుకు ఎర్ర తువ్వాలు కట్టి ఊపుతున్నాడు. అల మీదికి లేచినప్పుడు రాడార్‌కు చిక్కేది, కిందికి జారినప్పుడు పోయేది. అందుకే నాలుగింట ఒకసారి. ఆ రోజు నుంచి వచ్చిపోయే చుక్కను కనీసం పదిసార్లు చూడకుండా నేను వదల్లేదు.

ఆ తర్వాత జరిగింది నీ ప్రశ్నకు ఇంకా దగ్గర. నాలుగు మైళ్లలో ఒక మరబోటు ఒడ్డుకు పోతోంది. సముద్రంలో అందరూ వినే 16వ రేడియో ఛానెల్‌లో ఇంగ్లిష్‌లో పిలిచాం, పలకలేదు. నేను మైకు తీసుకుని, "ఒరే నాయనా, నీకు దక్షిణం దిక్కున నాలుగు మైళ్లలో పడవుంది, మనోళ్లే, ఇంజిన్ ఆగిపోనాది, ఎల్లి తాడు కట్టు" అన్నాను. వెంటనే "అలాగే బాబూ, ఎల్తన్నాం" అని జవాబు వచ్చింది. మా రాడార్ ఆ పడవను చూసింది, కానీ మరబోటును తిప్పింది ఆ నాలుగు మాటలు. జాయింట్ స్టార్స్‌లో ఆర్మీ వాళ్లు ముగ్గురు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఇదే.

మరి ఎందుకు రిటైర్ చేశారు?

ఈ-8సీలు 2023 నవంబరుతో పూర్తిగా వెళ్లిపోయాయి. బ్రిటన్ ఇదే పని చేసే తన ఐదు సెంటినెల్ విమానాలను 2021లోనే ఆపేసింది. ఈ-8సీలకు వాడినవి అప్పటికే ప్రయాణికుల్ని, సరుకుల్ని మోసిన సెకండ్ హ్యాండ్ 707లు. రిపేరు ఖర్చు తడిసి మోపెడయింది. అంతకంటే పెద్ద కారణం దూరం కొట్టే క్షిపణులు. ఆకాశంలో గంటల తరబడి ఒకేచోట తిరుగుతూ రాడార్ వెలిగించి ఉంచే పెద్ద విమానం దొరకని గురి కాదు. రష్యా ఏ-50 రాడార్ విమానాలను కూల్చామని 2024 మొదట్లో ఉక్రెయిన్ రెండుసార్లు ప్రకటించింది. ఇలాంటి ముప్పును ముందే ఊహించి అమెరికా అదే రకం కొత్త విమానం కొనే ఆలోచన మానేసి, ఆ పనిని ఉపగ్రహాలకూ, వేరు వేరు సెన్సర్లకూ పంచుతోంది. నాటో అయితే ఇటలీలోని సిగొనెల్లా నుంచి ఐదు పెద్ద డ్రోన్లతో ఈ పని చేస్తోంది.

డ్రోన్ మీద రాడార్ పెట్టవచ్చు, ఆపరేటర్లను నేల మీద కూర్చోబెట్టవచ్చు. మనుషుల ప్రాణాలకు ముప్పు తగ్గుతుంది, అది చిన్న లాభం కాదు. కానీ మధ్యలో ఉండే రేడియో లింకును శత్రువు జామ్ చేస్తే అందరూ గుడ్డివాళ్లవుతారు. ఇక భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం ఒక చోటు మీద ఉండేది కొన్ని నిమిషాలే. ఎడతెగకుండా చూడాలంటే అలాంటివి చాలా కావాలి. మన దేశానికి నా సలహా అడిగితే, కొండల సరిహద్దుకు ఎత్తున ఎగిరే మధ్యరకం జెట్ విమానం, దానికి తోడుగా డ్రోన్లు. ఈ-8సీ అంత పెద్దది అక్కర్లేదు.

చదువు సంగతి. ఇంటర్‌లో ఎంపీసీ అయితే ఫిజిక్స్‌లో తరంగాలు, గణితంలో త్రికోణమితి బట్టీ పట్టకుండా నేర్చుకో. పైన రాసిన లెక్కలన్నీ ఆ రెండింటిలోవే. ఆఫీసరుగా రావాలంటే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయి. ఇంజనీరింగ్ డిగ్రీ అయ్యాక అయితే నేవీలో అబ్జర్వర్ అని మేం పిలిచే శాఖ ఉంది, ఇప్పుడు దాన్ని నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ అంటున్నారు. సెన్సర్లతో, ఆయుధాలతో విమానంలో కూర్చునేది వాళ్లే. వాయుసేనలో రాడార్ వైపు రావాలంటే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ బాగా పనికొస్తుంది. ఇంగ్లిష్ రేడియో మాటకు అవసరం, అది నేర్చుకో. ఊరి మాట మాత్రం మరచిపోకు.

నేల గోలను తీసేసే పద్ధతి గురించి లెక్కలతో సహా కావాలంటే కింద రాయి. ఆదివారం తీరిగ్గా కూర్చుని బొమ్మలు గీసి పెడతాను.